రొయ్యల చెరువు అలారంతో పాటు సెట్టింగుల కాగితం కూడా ఇవ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. చెరువు గట్టు మీద ఆక్సిజన్ కొలిచి రైతు ఫోన్‌కు కబురు పంపే పెట్టెల గురించి మీ జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. కొత్తగా బిగించినప్పుడు ఫొటోతో సహా వేస్తారు. ఎక్కడైనా రాత్రిపూట అలారం మోగక రొయ్యలు పోతే మాత్రం ‘సిగ్నల్ లేకపోవడంతో’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క మీదే నా అభ్యంతరం. సిగ్నల్ పోవడం మన దగ్గర కొత్త కాదు. వాన పడితే కరెంటు పోతుంది, కరెంటు పోతే టవర్ పోతుంది. ఆ సంగతి తెలిసే పెట్టె తయారు చేయాలి. సిగ్నల్ తిరిగి వచ్చాక కూడా అలారం అరగంట ఆలస్యంగా వచ్చిందంటే కారణం సిగ్నల్ కాదు. లోపలి ప్రోగ్రామ్‌లో నాలుగైదు సెట్టింగులు ఎంత ఉండాలో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఈ ఉత్తరం దాని గురించే. కాస్త సాంకేతికంగా ఉంటుంది. డబ్బు పెట్టేది రైతు కాబట్టి ఆయనకూ తెలియాలని వివరంగా రాస్తున్నాను.

నేను భీమవరానికి దగ్గర్లో, ఉండి వైపు ఒక ఊళ్లో ఉంటున్నాను. హైదరాబాద్‌లో కొన్నేళ్లు బ్యాంకు లావాదేవీల సందేశాలను ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు చేరవేసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. ఇప్పుడు ఇంటి నుంచే ఆ పని చేసుకుంటున్నాను. మా మేనమామ గారిది వనామి రకం రొయ్యల సాగు. సొంత చెరువులు కొన్ని, లీజువి కొన్ని. ఆయనా చుట్టుపక్కల రైతులూ కలిసి ఒకే కంపెనీ దగ్గర పెట్టెలు తీసుకున్నారు. అలారం ఆలస్యమైన ఒక రాత్రి తర్వాత, రైతులు గట్టిగా అడిగితే ఆ కంపెనీ వాళ్లు తమ ప్రోగ్రామ్ నాకు చూపించారు. చూపించినందుకు వాళ్లను మెచ్చుకోవాలి. పేరు రాయను. వీళ్లు వాడిన లైబ్రరీనే, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ ప్రోగ్రామ్ ముక్కనే, ఇలాగే వాడే పెట్టెలు ఇంకెన్నో ఉండి ఉంటాయి.

వనామి చెరువులో నీటిలో కరిగిన ఆక్సిజన్, మన రైతులు డీఓ అనేది, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా చూసుకోవాలి. పగలు నీటిలోని పాచి ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే పాచి, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అందుకే డీఓ అన్నిటికంటే కిందికి దిగేది తెల్లవారుజామున, సూర్యోదయానికి కాస్త ముందు. మబ్బు పట్టిన రోజు మర్నాడు తెల్లవారుజాము ఇంకా ప్రమాదం. ఆ సమయంలో కరెంటు పోయి ఏరేటర్లు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు, ఆగితే జనరేటర్ వేయడానికి మనిషి లేవాలి. చెరువు దగ్గరి మకాంలో పడుకున్న కాపలా మనిషిని లేపడానికే ఈ పెట్టె. అక్కడ అరగంట ఆలస్యం అంటే రొయ్యలు పైకి తేలడానికి సరిపడా సమయం.

ఇక పెట్టె లోపలికి వద్దాం. నీటిలో ముంచి ఉంచే డీఓ ప్రోబ్ నుంచి పది సెకన్లకొక రీడింగు వస్తుంది. ఆ రీడింగును సిమ్ కార్డు మోడెమ్ ద్వారా పట్నంలో ఉన్న సర్వర్‌కు పంపుతారు. సర్వర్ దాన్ని దాచుకుని, తక్కువైతే ఫోన్ చేస్తుంది. ఈ పంపడం, అందుకోవడం అనే పనికి వాళ్లు జీరోఎంక్యూ అనే లైబ్రరీ వాడారు. అది మంచి ఎంపికే. పీటర్ హింట్‌జెన్స్, మార్టిన్ సుస్ట్రిక్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీ ఉచితం, సోర్స్ అందరికీ కనిపిస్తుంది. యూరప్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు తమ యాక్సిలరేటర్ల నియంత్రణ వ్యవస్థలో దీన్ని వాడుకున్నారు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలు పైథాన్ నేర్చుకోవడానికి రోజూ తెరిచే జూపిటర్ నోట్‌బుక్ లోపల కూడా సందేశాలు మోసేది ఇదే. కాబట్టి లైబ్రరీని తప్పు పట్టేదేమీ లేదు. అది కొన్ని విలువలు తనంతట తాను పెట్టుకుని వస్తుంది. అవి మన చెరువు కోసం పెట్టినవి కావు.

ఆ రాత్రి సంగతి చెబుతాను. వాన, గాలి. కరెంటుతో పాటు టవర్ కూడా దాదాపు యాభై నిమిషాలు పోయింది. టవర్ తిరిగి వచ్చే వేళకు ఒక చెరువులో డీఓ పడిపోయింది. పెట్టె అలారం పంపింది. ఫోన్ మాత్రం చాలాసేపటికి మోగింది. అప్పటికే కాపలా మనిషి టార్చిలైటు వేసి చూసుకుని, రొయ్యలు తేలుతున్నాయని జనరేటర్ వేశాడు. కొంత సరుకు పోయింది. ఆ మనిషికి మెలకువ రాకపోతే చెరువంతా పోయేది. కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు మర్నాడు ఏదో మార్చి, “థ్రెడ్లు పదహారు చేసేశామండి, ఇంక ఆలస్యం ఉండదండి” అని చెప్పి వెళ్లాడు.

మావయ్య నన్ను అడిగారు. “ఏంటమ్మా ఈ థ్రెడ్లు? అవి పెంచితే మనకి ఫోన్ తొందరగా వస్తుందా?”

“రాదు మావయ్యా” అన్నాను. ఎందుకు రాదో ఇక్కడ రాస్తాను.

జీరోఎంక్యూలో కాంటెక్స్ట్ అని ఒకటి ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలవగానే దాన్ని ఒక్కదాన్ని తయారు చేసుకుని, సాకెట్లన్నీ, అంటే సందేశాలు వెళ్లే, వచ్చే ద్వారాలన్నీ, దాని కింద తెరుస్తారు. నెట్‌వర్క్ మీద బైట్లు పంపడానికి, తీసుకోవడానికి ఆ కాంటెక్స్ట్ వెనకాల కొన్ని థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే సాగే పని వరుసలు, నడుపుతుంది. వాటిని ఐఓ థ్రెడ్లు అంటారు. డిఫాల్ట్‌గా, అంటే మనం ఏమీ చెప్పకపోతే, ఒకటే ఉంటుంది. సెకనుకు ఒక గిగాబైటు డేటా వచ్చినా పోయినా దానికి ఒక ఐఓ థ్రెడ్ చొప్పున లెక్క వేసుకోమని దీని గైడే చెబుతుంది. మన చెరువు రీడింగు రెండు వందల బైట్లు ఉంటుందనుకుందాం. వెయ్యి చెరువులు పది సెకన్లకొకటి చొప్పున పంపినా సెకనుకు ఇరవై కిలోబైట్లు. వాట్సాప్‌లో ఒక ఫొటో కూడా అంతకంటే పెద్దది. ఒక్క థ్రెడ్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. దాని పక్కన ఇంకో పదిహేను ఖాళీ థ్రెడ్లు పెట్టినంత మాత్రాన ఏమీ మారదు.

ఇంకొకటి కూడా చూశాను. ఆ పదహారు అనే అంకెను వాళ్లు రాసిన చోటు, మొదటి సాకెట్ తెరిచిన వాక్యానికి కింద ఉంది. ఐఓ థ్రెడ్ల సంఖ్యను మొదటి సాకెట్ తెరవకముందే చెప్పాలి. తర్వాత చెబితే ఎర్రర్ రాదు, పనీ జరగదు. అంటే అంకె పదహారని ఉన్నా నడుస్తున్నది ఒక్క థ్రెడ్డే. ఇలాంటివి చూసినప్పుడు నాకు చాలా బాధ వేస్తుంది. ఆ కుర్రాడికి పని చేయాలని ఉంది, రైతు ఇబ్బంది అర్థమైంది, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తుతాడు. ఏ అంకె దేనికో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆలస్యం నిజంగా ఎక్కడ పుట్టిందో లెక్క వేసి చూడొచ్చు. ఆ సర్వర్ కింద ముప్పై చెరువులు ఉన్నాయి. సర్వర్‌లోని ప్రోగ్రామ్ ఒక్కో సందేశం తీసుకుని, దాన్ని దూరంగా ఉన్న డేటాబేస్‌లో రాసి, అవసరమైతే ఫోన్ కాల్ పెట్టి, అది అయ్యాక తర్వాతి సందేశం తీసుకుంటుంది. అన్నీ ఒకే వరుసలో. అలా సెకనుకు ఐదు సందేశాలు అవుతున్నాయి. మామూలు రోజుల్లో ముప్పై చెరువులు కలిసి పంపేది సెకనుకు మూడే, కాబట్టి ఇబ్బంది కనిపించదు. టవర్ యాభై నిమిషాలు పోతే ఒక్కో పెట్టెలో పాత రీడింగులు మూడు వందలు పోగవుతాయి. టవర్ రాగానే ముప్పై పెట్టెలూ ఒకేసారి మీద పడతాయి. సర్వర్ సాకెట్ ఎవరికీ అన్యాయం చేయకుండా చెరువుకొకటి చొప్పున వంతులవారీగా తీసుకుంటుంది. సెకనుకు ఐదు అంటే ఒక్కో చెరువు వంతు ఆరు సెకన్లకొకసారి. డీఓ పడిపోయిన చెరువు పంపిన అలారం, దాని సొంత పాత రీడింగులు మూడు వందల వెనకాల నిలబడి ఉంది. మూడు వందలు గుణించు ఆరు. పద్దెనిమిది వందల సెకన్లు. సరిగ్గా అరగంట.

అంటే రాత్రి రెండు గంటలకు డీఓ బాగుంది, రెండుంబావుకు బాగుంది అనే పాత కబుర్లన్నీ చదివించుకుని, ఆ తర్వాత ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చిందన్న కబురు చేరింది. థ్రెడ్లు పదహారైనా, వందైనా ఈ వరుస మారదు.

ఇక్కడ పనికొచ్చేది హై వాటర్ మార్క్ అనే సెట్టింగు. పంపే వైపు, అందుకునే వైపు ఒక్కో కనెక్షన్‌కు ఎన్ని సందేశాలు పోగు పడనివ్వాలో అది చెబుతుంది. డిఫాల్ట్ వెయ్యి. పది సెకన్లకొకటి చొప్పున వెయ్యి రీడింగులంటే దాదాపు రెండు ముప్పావు గంటల పాత సరుకు. పంపే పెట్టెలో అంత, అందుకునే సర్వర్‌లో ఇంకో అంత పట్టవచ్చు. గోదావరి వరదప్పుడు ధవళేశ్వరం దగ్గర ఎలా ఉంటుందో మనకు తెలుసు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని ముందే రాసి పెట్టుకున్నారు. ఏ మట్టానికి ఏం చేయాలో వరద వచ్చాక కూర్చుని ఆలోచించరు. ఈ సెట్టింగు కూడా అలాంటిదే. నిండితే ఏం జరగాలో ముందే ఎవరో నిర్ణయించాలి. పుష్ రకం సాకెట్ అయితే నిండాక పంపే ప్రోగ్రామ్‌ను అక్కడే ఆపేస్తుంది. పబ్ రకం అయితే కొత్తగా వచ్చినవాటిని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. పెట్టెలోని ప్రోగ్రామ్ పంపే దగ్గర ఆగిపోతే తర్వాత ప్రోబ్ చదివేవాళ్లు ఉండరు. పారేస్తే ఆ పారేసినదాంట్లో అలారం ఉండొచ్చు. రెండూ మనకు సరిపోవు.

నేను వాళ్లకు చెప్పింది ఏమిటంటే, రీడింగులకూ అలారానికీ దారులు వేరు చేయండి అని. రెండు సాకెట్లు, రెండు కనెక్షన్లు. రీడింగుల సాకెట్‌కు కాన్‌ఫ్లేట్ అనే ఆప్షన్ పెడితే చివరి రీడింగును మాత్రమే ఉంచుకుని పాతవాటిని వదిలేస్తుంది. టవర్ వచ్చాక సర్వర్‌కు కావలసింది ఇప్పటి డీఓ. యాభై నిమిషాల పాత గ్రాఫ్ కావాలంటే పెట్టెలోని మెమరీ కార్డు మీద రాసుకుని తీరిగ్గా పంపుకోవచ్చు. ఈ ఆప్షన్‌ను కనెక్ట్ కాకముందే పెట్టాలి. ముక్కలు ముక్కలుగా పంపే సందేశాలకు ఇది పనిచేయదు కాబట్టి రీడింగంతా ఒకే ముక్కగా ఉండాలి. ఇక అలారం సాకెట్‌ది వేరే పద్ధతి. అక్కడ ఏదీ పారేయకూడదు. పంపి ఊరుకోకూడదు, సర్వర్ నుంచి అందింది అనే బదులు వచ్చేదాకా మళ్లీ మళ్లీ పంపాలి. సర్వర్‌లో ఫోన్ కాల్ పెట్టే పనిని సందేశాలు అందుకునే వరుసలోంచి తీసి, దానికి ప్రత్యేకంగా వేరే థ్రెడ్లు పెట్టాలి. థ్రెడ్లు పెంచాల్సిన చోటు నిజానికి అది. నెట్‌వర్క్ దగ్గర కాదు.

అలా పెంచేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కాంటెక్స్ట్‌ను ఎన్ని థ్రెడ్లైనా కలిసి వాడుకోవచ్చు. సాకెట్‌ను మాత్రం ఒకేసారి రెండు థ్రెడ్లు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వెంటనే ఏమీ కాకపోవచ్చు. ఎప్పుడో అర్ధరాత్రి ప్రోగ్రామ్ పడిపోతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. ఏ థ్రెడ్‌కు కావలసిన సాకెట్ ఆ థ్రెడ్డే తెరుచుకోవాలి.

రెండో జబ్బు సాకెట్ల లెక్క. ఆ పెట్టెలను రోజూ ఉదయం ఒకసారి ఆపి ఆన్ చేయమని రైతులకు చెప్పారు. మా ఊళ్లో అది కాపలా మనిషి పనుల్లో ఒకటైపోయింది. మేత వేయడం, చెక్ ట్రే చూడటం, పెట్టె ఆపి వేయడం. ఎందుకు ఆపాలి అని అడిగితే వేడెక్కుతుందని చెప్పారట. వేడి కాదు. ఏరేటర్లను ఎప్పుడు నడపాలో అడగడానికి పెట్టె నిమిషానికొకసారి సర్వర్‌ను ప్రశ్న అడుగుతుంది. దానికి రిక్వెస్ట్ రకం సాకెట్ వాడారు. ఆ రకం సాకెట్ ఒక ప్రశ్న పంపాక బదులు రానిదే రెండో ప్రశ్న పంపదు. దారిలో బదులు పోతే అలాగే బిగుసుకుపోతుంది. దానికి మందుగా వాళ్లు గడువు దాటగానే కొత్త సాకెట్ తెరిచారు. పాతదాన్ని మూయడం మరిచారు. సిగ్నల్ లేనంతసేపూ నిమిషానికొక సాకెట్ అలా మిగిలిపోతుంది. ఒక కాంటెక్స్ట్ కింద డిఫాల్ట్‌గా 1023 సాకెట్ల కంటే ఎక్కువ తెరవలేం. నిమిషానికొకటి చొప్పున పదిహేడు గంటలు. వారం పది రోజుల్లో అక్కడింత ఇక్కడింత సిగ్నల్ పోయిన సమయమంతా కలిపితే పదిహేడు గంటలు మన పల్లెల్లో పెద్ద విషయం కాదు. ఆ తర్వాత కొత్త సాకెట్ రాదు. మరీ ఎక్కువ ఫైళ్లు తెరిచారు అనే అర్థం వచ్చే ఎర్రర్ వస్తుంది, పెట్టె మూగబోతుంది.

దీనికి కూడా అంకె పెంచడమే మందు అనుకున్నారు. సాకెట్ల గరిష్ఠ సంఖ్యను పదివేలు చేశారు. దానివల్ల జబ్బు వాయిదా పడుతుంది, అంతే. అదీ ఎక్కువ రోజులు పడదు. లైనక్స్ ఒక ప్రోగ్రామ్‌కు తెరవనిచ్చే ఫైళ్ల సంఖ్య చాలా చోట్ల 1024 దగ్గరే ఉంటుంది, ఒక్కో సాకెట్ అందులోంచి కూడా తినేస్తుంది. చేయాల్సింది పాత సాకెట్‌ను మూయడం. లేదా బదులు రాకపోయినా మళ్లీ అడగనిచ్చే ఆప్షన్, పాత బదులును కొత్త ప్రశ్నకు అంటగట్టకుండా చూసే ఆప్షన్, ఈ రెండూ కలిపి పెట్టడం. ఒక పెట్టెకు మూడో నాలుగో సాకెట్లు చాలు. సర్వర్‌కు కూడా అంతే. ఒక సాకెట్ తెరిచి కూర్చుంటే వందల చెరువుల కనెక్షన్లు దాని మీదికే వస్తాయి. చెరువుకొక సాకెట్ అక్కర్లేదు.

ఆపి వేయడంలో ఇంకో ప్రమాదం ఉంది. సాకెట్ మూసేటప్పుడు ఇంకా పంపని సందేశాలు ఉంటే వాటి కోసం ఎంతసేపు ఆగాలి అనేది లింగర్ అనే సెట్టింగు చెబుతుంది. డిఫాల్ట్ మైనస్ ఒకటి, అంటే ఎప్పటికీ. సిగ్నల్ లేనప్పుడు ప్రోగ్రామ్‌ను ఆపమంటే అది ఆగదు, కాంటెక్స్ట్ మూసే దగ్గర అలాగే నిలబడిపోతుంది. మనవాళ్లు చూసి చూసి ప్లగ్ పీకేస్తారు. పీకితే మెమరీలో ఉన్న సందేశాలన్నీ పోతాయి. ఈ లైబ్రరీ తనంతట తాను డిస్కు మీద ఏదీ రాయదని చాలామందికి తెలియదు. రీడింగుల సాకెట్‌కు లింగర్ సున్నా చేయొచ్చు, పోతే పోనీ. అలారం సాకెట్‌కు కొన్ని సెకన్లు ఇచ్చి, అలారాన్ని పంపే ముందే మెమరీ కార్డు మీద రాసుకోవాలి. కరెంటు వచ్చి పెట్టె లేవగానే ముందు ఆ కార్డు చూడాలి.

సిగ్నల్ మాట కూడా పూర్తిగా కొట్టిపారేయను. మొబైల్ నెట్‌వర్క్‌లో కనెక్షన్ పోయినా రెండు వైపులా ఎవరికీ తెలియకపోవడం నిజంగా జరుగుతుంది. అటువైపు మనిషి ఉన్నాడనుకుని ఇటు ఎదురుచూస్తూనే ఉంటారు. లైనక్స్‌లో ఇలాంటి కనెక్షన్‌ను తట్టి చూసే కీప్ అలైవ్ పద్ధతి ఉంది, కానీ దాని డిఫాల్ట్ వ్యవధి 7200 సెకన్లు. రెండు గంటలు! అదీ ప్రోగ్రామ్ అడిగితేనే. జీరోఎంక్యూలో 4.2 వెర్షన్ నుంచి హార్ట్‌బీట్ ఆప్షన్ వచ్చింది. పది సెకన్లకొకసారి తట్టి చూడు, ముప్పై సెకన్లలో పలకకపోతే కనెక్షన్ తెంచి మళ్లీ కట్టు అని చెప్పొచ్చు. డిఫాల్ట్‌గా అది ఆపేసి ఉంటుంది. నేను చూసిన ప్రోగ్రామ్‌లో కూడా ఆపేసే ఉంది. ఇక సర్వర్ వైపు, ఒక చెరువు నుంచి ఒకటి రెండు నిమిషాలు కబురు రాకపోతే దాన్నే అలారంగా తీసుకుని రైతుకు ఫోన్ చేయాలి. కబురు లేదంటే అంతా బాగుందని అనుకోవడం ఈ మొత్తంలో నన్ను బాగా భయపెట్టిన విషయం.

ఇన్ని సెట్టింగులు సరిచేసినా, మొదటి అలారం నెట్‌వర్క్ మీద ఆధారపడకూడదని నా గట్టి అభిప్రాయం. డీఓ తగ్గితే గట్టు మీదే సైరన్ మోగాలి. పెట్టెలో చిన్న బ్యాటరీ ఉండాలి. ఏరేటర్లు ఆగిన సంగతి సర్వర్ చెబితే తెలుసుకోవడం కాదు, అక్కడికక్కడే తెలియాలి. ఫోన్ కాల్ ఊళ్లో ఉన్న యజమానికి, పట్నంలో ఉన్న కొడుక్కి. సైరన్ మకాంలో పడుకున్న మనిషికి. సైరన్ ఖర్చు పెట్టె ధరలో చాలా చిన్న భాగం. అయినా అమ్మేవాళ్లు ఫోన్‌లో వచ్చే రంగురంగుల గ్రాఫ్‌నే ముందు చూపిస్తారు, కొనేవాళ్లూ దాన్నే చూస్తున్నారు.

పెట్టెలు అమ్మే కంపెనీల వారిని నేను కోరేది ఒక్క కాగితం. ఐఓ థ్రెడ్లు ఎన్ని, సాకెట్లు ఎన్ని, ఎంత పోగుపడితే ఏం చేస్తారు, ఆపేటప్పుడు ఎంతసేపు ఆగుతారు, కనెక్షన్ పోయిందని ఎన్ని సెకన్లలో తెలుస్తుంది, ఎన్ని నిమిషాలు కబురు లేకపోతే ఫోన్ చేస్తారు. ఇవన్నీ తెలుగులో, ఒకే పేజీలో, ఎందుకు ఆ అంకె పెట్టారో కారణంతో రాసి బిల్లుతో పాటు ఇవ్వాలి. రైతుకు అన్నీ అర్థం కాకపోవచ్చు. ఆయన కొడుకో, మేనకోడలో, ఊళ్లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడో చదివి అడగగలరు. రాయాల్సి వచ్చినప్పుడు రాసేవాళ్లు కూడా ఒకసారి ఆలోచిస్తారు. పదహారు ఎందుకు అని కారణం రాయబోతే ఆ పదహారు అక్కడ నిలబడేది కాదు.

భీమవరం, నరసాపురం, అమలాపురం చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీలు ఉన్నాయి. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు పిల్లలు ఎక్కడెక్కడివో అంశాలు తెస్తారు. రెండు పాత కంప్యూటర్లు, మధ్యలో ఒక వైఫై రౌటర్ ఉంటే చాలు, ఈ ప్రయోగం మొత్తం ల్యాబ్‌లో చేయొచ్చు. రౌటర్ ఆపి యాభై నిమిషాల తర్వాత వేస్తే, నేను పైన వేసిన అరగంట లెక్క వాళ్ల కళ్ల ముందే వస్తుంది. తర్వాత ఒక్కో సెట్టింగు మార్చి ఆ అరగంట ఎంతకు తగ్గుతుందో కొలవాలి. అలా కొలిచిన పిల్లలు రేపు ఏ కంపెనీలో చేరినా, ఆలస్యమైతే థ్రెడ్లు పెంచేద్దాం అని అనరు. అధ్యాపకులు దీన్ని దయచేసి ఆలోచించాలి.

కొనబోయే రైతులకు ఒక మాట. పూర్తి డబ్బు ఇచ్చేముందు పట్టపగలు, అందరూ ఉండగా పరీక్ష పెట్టించండి. ఒక బకెట్ నీళ్లలో సోడియం సల్ఫైట్ కలిపితే నీటిలో ఆక్సిజన్ పోతుంది. ప్రోబ్‌ల సున్నా రీడింగు సరిచూడటానికి వాడేది అదే. ముందు మోడెమ్ తీసేయించి ఒక గంట అలాగే ఉంచండి. గంటయ్యాక ప్రోబ్‌ను ఆ బకెట్‌లో ముంచి, రీడింగు కిందికి దిగాక మోడెమ్ పెట్టించండి. ఫోన్ మోగడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. వీలైతే అదే సమయానికి చుట్టుపక్కల చెరువుల మోడెమ్‌లు కూడా తీయించి పెట్టించండి, ఒక్క పెట్టెతో చేస్తే జబ్బు బయటపడదు. తర్వాత ప్రోబ్‌ను మంచినీళ్లతో శుభ్రంగా కడిగించడం మరవకండి. నిమిషం లోపు ఫోన్ రాకపోతే డబ్బు ఆపి, కారణం కాగితం మీద రాసిమ్మని అడగండి.

మా మావయ్య వాళ్ల పెట్టెల్లో ఈ మార్పులు చాలావరకు చేశారు. సర్వర్‌లో ఫోన్ కాల్స్ వేరే థ్రెడ్‌లోకి మార్చారు, అలారానికి వేరే సాకెట్ పెట్టారు, హార్ట్‌బీట్ వేశారు. రోజూ ఆపి వేసే పని మానేశారు. మెమరీ కార్డు మీద అలారం రాయడం, గట్టు మీద సైరన్ ఇంకా కావాల్సి ఉంది. వచ్చే పంటకు సీడ్, అంటే రొయ్య పిల్లలు, వదిలేలోపు అవి కూడా పెట్టాలని రైతులంతా కలిసి అడిగారు.

ఆ ఒక పేజీ కాగితం నమూనాను తెలుగులో రాసి మీ వ్యవసాయ పేజీకి ఉచితంగా పంపడానికి నేను సిద్ధం. ఏ కంపెనీవారైనా తమ అంకెలు నింపుకుని వాడుకోవచ్చు. మీరు వేస్తామంటే ఈ వారంలోనే పంపుతాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని,
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా